ఆటల అరుగు: కొండవీటి పక్షం ఎందుకు ఓడిపోతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి: ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ అనే కంప్యూటర్ యుద్ధక్రీడలో సొంతంగా గీసుకున్న మ్యాప్ రెండు పక్షాలకూ సమంగా ఉందా అన్నది. అన్నీ మన ప్రాంతాన్నే యుద్ధభూమిగా గీసుకున్నవారివి కావడంతో, మిగతా ఆటల ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పుటలన్నీ వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ డెఫినిటివ్ ఎడిషన్‌లో 1515 నాటి కృష్ణా తీరాన్ని ఇద్దరు ఆడే మ్యాప్‌గా తయారు చేశాను. దక్షిణాన కొండవీడు, ఉత్తరాన కొండపల్లి, నడుమ కృష్ణ. రెండు వైపులా టౌన్ సెంటర్ (స్థావరంలోని ప్రధాన భవనం) నుంచి సరిగ్గా 12 గడుల దూరంలో 7 గడుల బంగారం, 5 గడుల రాయి పెట్టాను. గొర్రెలు, అడవిపందులు, బెర్రీ పొదలు ఒకే సంఖ్యలో ఉన్నాయి. అయినా మా మిత్రబృందంలో ఎవరు కొండపల్లి తీసుకుంటే వారే ఎక్కువగా గెలుస్తున్నారు. ఇప్పుడు కొండవీడు తీసుకోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. మ్యాప్ ఫైలు జతచేశాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: మీరు పంపిన మ్యాప్ తెరిచి, రెండు వైపులా ఒక్కొక్క విలేజర్‌ను (వనరులు సేకరించే పనివాణ్ణి) పెట్టి, ఆట గడియారం చూస్తూ నడిపించాను. మీరు వనరులను లెక్కపెట్టారు గాని నడకను లెక్కపెట్టలేదు. మ్యాప్ సమతూకాన్ని గడుల్లో కాక సెకన్లలో కొలవాలి. మీ ఇబ్బందులన్నీ దాదాపు ఆ ఒక్కచోటే మొదలయ్యాయి.

ముందుగా ఆ 12 గడుల సంగతి చూద్దాం. ఈ ఆటలో మ్యాప్ తెర మీద వజ్రాకారంలో, మూల మీద నిలబెట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి, మన కంటికి అడ్డంగానో నిలువుగానో ఉన్న దారి నిజానికి గడులకు ఐమూలగా పోతుంది. మీ కొండపల్లి బంగారం గడుల వరుస వెంబడి తిన్నగా 12 గడుల దూరంలో ఉంది. కొండవీటి బంగారం ఐమూలగా 12 గడులు లెక్కపెట్టిన చోట ఉంది. ఐమూల మీద 12 గడులంటే నడకలో 17 గడులు. విలేజర్ సెకనుకు 0.8 గడి నడుస్తాడు కనుక ఒకరికి 15 సెకన్ల దారి, మరొకరికి 21 సెకన్ల దారి. గని పక్కనే శిబిరం కట్టుకుంటారు కాబట్టి బంగారం మోయడంలో తేడా పెద్దగా రాదు. అసలు నష్టం శత్రువు గుర్రాలు వచ్చినప్పుడు తెలుస్తుంది. టౌన్ సెంటర్ బాణాలు మామూలుగా 6 గడుల దాకానే చేరతాయి. ఫ్యూడల్ యుగంలో, అంటే ఆట రెండో దశలో, స్కౌట్ గుర్రం సెకనుకు 1.55 గడులు పరుగెడుతుంది, అంటే విలేజర్‌కు దాదాపు రెండింతల వేగం. బాణాల నీడలోకి చేరేలోగా 6 గడులు నడవాల్సినవాడికీ 11 గడులు నడవాల్సినవాడికీ ఉన్న తేడా ఇద్దరు ముగ్గురు విలేజర్ల ప్రాణాలతో సమానం. పైగా కొండవీటి గని ఏటివైపు, అంటే శత్రువు వచ్చే వైపే ఉంది. కొండపల్లి గని కొండ వెనుక దాక్కుని ఉంది. ఈ రెండో తేడా మొదటిదానికంటే పెద్దది. ఇద్దరికీ ముందువైపు గని ఒకటి, వెనుకవైపు చిన్న గని ఒకటి ఉండేలా మార్చండి.

ఇక కలప. కొండపల్లి కొండల అడవికి చరిత్రలోనే పేరుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి అక్కడిదే. మీరు ఆ అడవిని ముచ్చటపడి దట్టంగా గీశారు. దక్షిణాన నల్లరేగడి మైదానం కాబట్టి పదేసి చెట్ల గుంపులను అక్కడక్కడా చల్లారు. చూడడానికి ప్రాంతం కళ్ళకు కట్టినట్టే ఉంది, కాని ఆటలో ఒక్కో చెట్టుకు 100 కలప. పది చెట్ల గుంపు వెయ్యి కలపతో అయిపోతుంది. ఆ గుంపు పక్కన కట్టిన లంబర్ క్యాంప్‌కే (కొట్టిన కలప చేర్చే శిబిరానికే) 100 కలప ఖర్చయింది. అంటే కొండవీటివాడు ప్రతి గుంపు మీదా పదో వంతు సుంకం కడుతున్నాడు. ఆ ఖర్చుకు వెనుకాడి పాత క్యాంప్ నుంచే పక్క గుంపుకు నాలుగు గడులు అదనంగా నడిపించాడనుకుందాం. విలేజర్ ఒక విడతకు 10 కలప మోస్తాడు. ఆ పదీ కొట్టడానికి సుమారు 26 సెకన్లు పడుతుంది. రానూపోనూ ఎనిమిది గడుల అదనపు నడకకు మరో 10 సెకన్లు. అంటే కలప రాబడి సుమారు 28 శాతం పడిపోయినట్టే. ఉత్తరాన ఉన్నవాడు ఒకే క్యాంప్‌తో అరగంట నడుపుకుంటున్నాడు. దీనితోపాటు ఆ దట్టమైన అడవే అతనికి పైసా ఖర్చు లేని కోటగోడ అయింది. నేను లెక్కపెట్టినంతలో కొండపల్లి స్థావరాన్ని మూసేయడానికి మూడు చిన్న గోడలు చాలు. కొండవీడు మూడు దిక్కులా తెరిచే ఉంది.

దీనికి విరుగుడుగా మైదానంలో పొణికి అడవి పెంచనక్కరలేదు. మన వైపు తాటితోపులు ఉన్నాయి కదా. మ్యాప్ గీసే ఎడిటర్‌లో తాటి జాతి చెట్ల అడవి కూడా ఉంది. దానితో టౌన్ సెంటర్ చుట్టూ మూడు పెద్ద తోపులు, ఒక్కొక్క దానిలో 60కి తగ్గకుండా చెట్లు పెట్టి, వాటి మధ్య ఖాళీలు కొండపల్లి ఖాళీలంత వెడల్పే ఉండేలా చూడండి. కొండపల్లి అడవికి మాత్రం కనీసం రెండు చోట్ల గండి కొట్టండి. చూపుకు రెండు వైపులూ వేరుగానే ఉంటాయి, ఆటకు మాత్రం ఒకటే అవుతాయి.

కొండల విషయంలో మీరు చరిత్రకు కూడా కొంత అన్యాయం చేశారు. ఈ ఆటలో ఎత్తు మీదినుంచి కొట్టేవాడి దెబ్బ 25 శాతం పెరుగుతుంది, పల్లం నుంచి ఎగువకు కొట్టేవాడి దెబ్బ 25 శాతం తగ్గుతుంది. ఒకే రకం సైనికులు తలపడినా ఒకడి దెబ్బ ఐదు పాళ్ళైతే ఇంకొకడిది మూడు పాళ్ళే. మీరు కొండపల్లి స్థావరాన్ని మొత్తంగా మిట్ట మీద కూర్చోబెట్టి, కొండవీటిని చదును నేలలో పెట్టారు. కాని కొండవీడు కూడా కొండల వరుస మీది దుర్గమే. అద్దంకి నుంచి రెడ్డిరాజులు రాజధానిని అక్కడికి మార్చడానికి ఆ కొండలే కారణమని వేరే చెప్పాలా? ఇద్దరికీ మిట్ట ఇవ్వండి, కాని టౌన్ సెంటర్ కింద గాని, ప్రధాన గని కింద గాని పెట్టకండి. స్థావరానికి ఒక పక్కగా, ఎవరు ముందు వెళ్ళి ఆక్రమిస్తే వారిదయ్యేలా ఉంచండి. అప్పుడు కొండ ఒకరికి పుట్టుకతో వచ్చిన ఆస్తి కాక, పోరాడి సంపాదించుకోవలసినది అవుతుంది.

చివరగా ఏరు. మీరు మ్యాప్‌ను అసలు కొలతల నిష్పత్తిలో గీశారు. కొండవీటికీ కొండపల్లికీ మధ్య గాలిదూరం సుమారు 50 కిలోమీటర్లు. అందులో కొండపల్లి నుంచి కృష్ణ 10 కిలోమీటర్ల లోపే ఉంటే, కొండవీటి నుంచి 30 కిలోమీటర్లకు పైగా ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు 120 గడుల చదరంలో దింపితే ఏటిలోని చేపలూ, రేవులూ, పడవలూ అన్నీ ఉత్తరాదివే అవుతాయి. ఇక్కడ భూగోళాన్ని కొంచెం వంచక తప్పదు. ఏటిని నడుమకు తెచ్చి, అమరావతి దగ్గరి వంపును కాస్త పెంచి దక్షిణానికి లాగితే సరిపోతుంది. పటం చూసిన గుంటూరువారికి అది కృష్ణే అని తెలియాలి గాని, సర్వే పటంతో సరిపోలాల్సిన పని లేదు.

ఏటిని దాటే చోట్లు కూడా చూడండి. ఇంద్రకీలాద్రికీ ఉండవల్లి కొండకూ నడుమ ఒక్క రేవే పెట్టారు. నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశాను. నా మొదటి మ్యాప్‌లో నది మీద ఒకే దాటు ఉండేది. ఇద్దరం చెరో ఒడ్డున గోడలు కట్టుకుని, వాటి వెనుక కోటలు కట్టుకుని, రాత్రి ఒంటిగంట దాకా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఆట తేలలేదు. అందుకే మూడు రేవులు పెట్టండి: ఎగువన అమరావతి దగ్గర ఒకటి, నడుమ ఒకటి, దిగువన లంకల దగ్గర ఒకటి. రెండు టౌన్ సెంటర్ల నుంచీ ప్రతి రేవుకూ ఒకే స్కౌట్ గుర్రాన్ని నడిపి సమయం రాసుకోండి. ఏ జతలోనూ తేడా 3 సెకన్లు దాటకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

చాలామంది మరో చిట్కా చెబుతారు, మీకూ ఎవరైనా చెప్పే ఉంటారు: బలహీనంగా ఉన్నవాడికి మూలలో ఒక అదనపు గని ఇచ్చేయమని. ఆ మాట వినకండి. నాలుగు గడుల గనిలో 3,200 బంగారం ఉంటుంది, నిజమే, కాని అది ఉపయోగపడేది ఆట ముదిరాక. మీ కొండవీటివాడు దెబ్బతింటున్నది మొదటి 20 నిమిషాల్లో. ఆకలిగా ఉన్నవాడికి ఆరు నెలల తర్వాత పెళ్ళిభోజనం ఉందని చెప్పినట్టుంటుంది.

ఇంకొక సంగతి. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటిని ముట్టడించేనాటికి ఆ దుర్గం, కొండపల్లి, రెండూ ఒడిశా రాజులైన గజపతుల చేతిలోనే ఉన్నాయి. కొండవీడు పడిన తర్వాతే ఆయన కొండపల్లి మీదికి వెళ్ళాడు. కాబట్టి రెండు కోటలు ఎదురెదురు పక్షాలు కావాలంటే మీ కథను కొండవీడు పడిన మరునాటి నుంచి మొదలుపెట్టండి. దక్షిణాన విజయనగరం, ఉత్తరాన గజపతులు అవుతారు. విజయనగరానికి 2022లో ఆటలోకి వచ్చిన ద్రవిడియన్ల జాతి సరిపోతుంది. గజపతులకు అచ్చంగా సరిపోయే జాతి ఆటలో లేదు. దగ్గరగా ఉన్నది బెంగాలీలు. అయితే మ్యాప్‌ను పరీక్షిస్తున్నంత కాలం రెండు వైపులా ఒకే జాతిని పెట్టండి. లేకపోతే ఓటమి నేలదో జాతిదో తేల్చలేరు.

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాను. నలుగురం ఇద్దరిద్దరుగా ఆడుకోవడానికి అదే కాలపు మ్యాప్ గీస్తున్నాను. ప్రకాశం బ్యారేజీని నది మీద వంతెనలా, బందరు కాలువను, ఏలూరు కాలువను నీటిదారులుగా పెట్టాను. ఉత్తర పక్షంలో ఒకరికి మచిలీపట్నం ఇచ్చాను. సముద్రం ఉన్న పక్షాన్ని ఓడించడం సాధ్యం కావడం లేదు.

జవాబు: బ్యారేజీ తీసేయండి. అది 1957లో పూర్తయింది. అంతకుముందున్న ఆనకట్ట కూడా 1855 నాటిది; మీరు చెప్పిన కాలువలు ఆ ఆనకట్ట వెంట వచ్చినవి. రాయలనాటి కృష్ణకు అడ్డుకట్ట లేదు, బెజవాడలో కాలువగట్లు లేవు. వాటి స్థానంలో బుడమేరును వాడుకోవచ్చు. అది అప్పుడూ కొల్లేటి వైపే పారేది. కాలువలు తీసేస్తే ఆటకు కూడా మేలే, ఎందుకంటే మీ బందరు కాలువ వెంట యుద్ధనౌకలు నేరుగా టౌన్ సెంటర్ గుమ్మం దాకా వస్తున్నాయి.

సముద్రం సమస్యకు పరిష్కారం చరిత్రే చూపిస్తోంది. దక్షిణ తీరాన మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244-45లో అక్కడ శాసనం వేయించి, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును రాజులు లాక్కునే పాత పద్ధతిని మాన్పించి, వారికి అభయమిచ్చాడు. రెడ్డిరాజుల కాలంలోనూ ఆ రేవు నడిచింది. కనుక దక్షిణ పక్షంలో రెండో ఆటగాడిని వినుకొండలో కాక మోటుపల్లిలో కూర్చోబెట్టండి. ఒక్కో పక్షానికి ఒక సముద్రపు ఆటగాడు, ఒక కొండకోట ఆటగాడు అవుతారు. తీరంలో చేపల గుంపులను రెండు రేవులకూ ఒకే దూరంలో పెట్టాక, లోతు సముద్రంలో మాత్రం ఎవరికీ చెందకుండా నడుమ కొన్ని ఎక్కువగా ఉంచండి. ఓడరేవు కట్టడానికి 150 కలప, ఒక్కో చేపల పడవకు 75 కలప అవుతుంది కాబట్టి తీరపు ఆటగాళ్ళిద్దరికీ అడవి టౌన్ సెంటర్‌కు బాగా దగ్గరగా ఉండాలి. నలుగురికి మామూలుగా వాడే 168 గడుల చదరం ఈ పథకానికి చాలు. అంతకంటే పెద్దది తీసుకుంటే తీరంవాడు కోటవాడికి సాయం రావడానికే సమయమంతా అయిపోతుంది.

ప్రశ్న: తెనాలి నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు గీసిన మ్యాప్‌లో పది ఆటలు ఆడితే ఎడమవైపు వారు ఏడు గెలిచారు. మ్యాప్ పక్షపాతమైనదని నేనూ, కాదని వాడూ వాదించుకుంటున్నాం. ఎవరిది సరైన మాట?

జవాబు: ఇప్పటికి ఇద్దరిదీ కాదమ్మా. మ్యాప్ పూర్తిగా సమంగా ఉన్నా, బొమ్మాబొరుసూ వేసినట్టుగా, పది ఆటల్లో ఏదో ఒక వైపు ఏడు గాని అంతకంటే ఎక్కువ గాని గెలిచే అవకాశం సుమారు 34 శాతం ఉంటుంది. మూడు సార్లకు ఒకసారి జరిగేదాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. అదే ఇరవై ఆటల్లో పదిహేను ఒకే వైపు పోతే, సమమైన మ్యాప్‌లో అలా జరిగే అవకాశం సుమారు 4 శాతమే. అప్పుడు తమ్ముణ్ణి నిలదీయవచ్చు.

అయితే మీరిద్దరూ వైపులు మారకుండా ఎప్పుడూ ఎవరి వైపున వారే కూర్చుని ఆడారా అన్నది మీ ఉత్తరంలో లేదు. అలా ఆడి ఉంటే ఆ లెక్క మ్యాప్ గురించి కాక మీ ఇద్దరి నేర్పు గురించి చెబుతుంది. ప్రతి ఆటకూ వైపులు మార్చుకోండి. గెలుపోటములు మాత్రమే కాక, ఫ్యూడల్ యుగానికీ, దాని తర్వాతి దశ అయిన క్యాజిల్ యుగానికీ ఎవరు ఏ నిమిషంలో చేరారో, మొదటి విలేజర్ ఎక్కడ చనిపోయాడో నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక ఆటకు ఒక్క గెలుపే దొరుకుతుంది, ఈ అంకెలైతే డజను దొరుకుతాయి. లోపం వీటిలో చాలా ముందుగా బయటపడుతుంది. ఒకే స్థాయి కంప్యూటర్ ఆటగాళ్ళను ఎదురెదురుగా పెట్టి రాత్రంతా నడిపించవచ్చు కూడా. కాని మిట్టను వాడుకోవడం, ఇరుకు దారిని మూసేయడం వంటి వాటిలో కంప్యూటర్ మనిషిలా ఆలోచించదు, కాబట్టి దాని తీర్పును వనరుల దూరాల వరకే నమ్మండి.

ప్రశ్న: మాది మంగళగిరి. ఇద్దరి మ్యాప్‌లో ఐదు రెలిక్‌లను (ఆటలో మఠానికి చేర్చుకునే పవిత్ర వస్తువులను) నిజమైన పుణ్యక్షేత్రాల్లోనే పెట్టాలని ఉంది. అమరావతి, మంగళగిరి, ఉండవల్లి, కోటప్పకొండ, ఇంద్రకీలాద్రి ఎంచుకున్నాను. సరైనదేనా?

జవాబు: ఊరి మీది అభిమానం అర్థమైంది, కాని నాలుగు దక్షిణానికీ ఒకటి ఉత్తరానికీ పోయాయి. ఒక్కో రెలిక్ మఠంలో చేరాక నిమిషానికి 30 బంగారం ఇస్తుంది. నాలుగింటికీ ఒకదానికీ తేడా నిమిషానికి 90, అరగంటకు 2,700. ఒక చిన్న గనికి కొంచెం తక్కువ. అమరావతి, మంగళగిరి ఉంచుకుని, ఉండవల్లి, కోటప్పకొండలకు బదులు ఉత్తరాన జగ్గయ్యపేటను, ఘంటసాలను తీసుకోండి. రెండూ పాత బౌద్ధ క్షేత్రాలే, అమరావతికి జోడీగా కూడా బాగుంటాయి. ఐదోది ఇంద్రకీలాద్రి. అది ఉత్తరపు ఒడ్డున ఉంది కాబట్టి, దాని ఎదురుగానే ఒక రేవు పెట్టి, ఉత్తరం నుంచి వచ్చే దారిని కొండ చుట్టూ తిప్పండి. రెలిక్‌ను మోసే మాంక్ (సన్యాసి) సెకనుకు 0.7 గడి మాత్రమే నడుస్తాడు. రెండు మఠాల నుంచీ ఒకేసారి ఒక్కొక్కరిని బయలుదేరదీసి, ఇద్దరూ రెలిక్ దగ్గర కలుసుకునేదాకా ఆ దారి వంపును సవరిస్తూ పోండి.